నిధి వేట మంచిదే, గడ్డపార మాత్రం ఇంటి దగ్గరే ఉండాలి



కోతకాల పండుగకు ఊరొచ్చిన యౌవనస్థులు ఈసారి పాస్టరేట్ కమిటీ ముందు ఒక కోరిక పెట్టారు. మన పాత మందిరం చుట్టూ ఫోనులతో నిధి వేట ఆడాలట. ఒక చిన్న డబ్బా ఎక్కడో దాస్తారు. అది ఉన్న చోటును అక్షాంశ రేఖాంశాల అంకెలతో చెబుతారు. జట్లు జట్లుగా వెళ్లి వెదకాలి, దొరికితే లోపలి పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టి రావాలి. దీన్ని జియోక్యాచింగ్ అంటారని చెప్పారు. పెద్దలలో కొందరు నవ్వి ఊరుకున్నారు. కొందరు దేవుని ఆవరణంలో ఆటలేమిటన్నారు. ఒక పెద్దాయన మాత్రం చాలాసేపు మాట్లాడకుండా కూర్చుని, "అయ్యగారూ, ఆ నిధి అనే మాట బయటికి పోనీయకండి" అన్నారు. ఆయన భయం దేని గురించో మన సీమలో పుట్టినవాళ్లకు చెప్పక్కరలేదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ వేట జరగాలి. కానీ పిల్లలు చూపించిన పద్ధతిలో కాదు. ఎందుకో, ఎలాగో ఈ వ్యాసంలో రాస్తున్నాం. సంఘ కూటంలో మాట్లాడేటప్పుడు అందరూ ఇది చదివి ఉంటే మంచిదని మా ఆశ.

ముందు ఆట సంగతి. ఇది పుట్టి పాతికేళ్లు దాటింది. ఆకాశంలో దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా జీపీఎస్ ఉపగ్రహాలు మొదట సైన్యం కోసం పెట్టినవి. మామూలు జనానికి అందే సంకేతాన్ని ఆ ప్రభుత్వం కావాలనే కొంత చెడగొట్టి ఇచ్చేది. నిలబడిన చోటుకూ యంత్రం చూపే చోటుకూ వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెల మొదట్లో ఆ అడ్డు తీసేశారు. ఒకటి రెండు రోజుల్లోనే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక ప్లాస్టిక్ బకెట్‌ను అడవిలో సగం వరకు పాతిపెట్టి, అది ఉన్న చోటు అంకెలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో ఏవో పుస్తకాలు, సీడీలు, ఒక వడిసెల, ఒక చిక్కుడు గింజల డబ్బా ఉన్నాయి. మూడు రోజుల్లోనే ఒకరు వెదికి పట్టుకున్నారు. ఇప్పుడు లోకమంతటా ఇలాంటి డబ్బాలు 30 లక్షలకు పైగా ఉన్నాయి.

అందులో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. మొదటి బకెట్ సగం భూమిలో ఉంది గానీ, తర్వాత ఆట పెద్దదయ్యాక వాళ్లే నియమం పెట్టుకున్నారు: దాచడానికి గానీ వెదకడానికి గానీ గుంత తవ్వకూడదు. ఎవరి స్థలమో వారి అనుమతి ఉండాలి. డబ్బాలోంచి ఒక వస్తువు తీసుకుంటే దానికి సమానమైనదో అంతకంటే మంచిదో పెట్టాలి. ఇంగ్లండులో చర్చి మైక్రో అనే పేరుతో పల్లెటూరి పాత చర్చిల దగ్గర వేల సంఖ్యలో ఇలాంటి చిన్న డబ్బాలు పెట్టారు. చాలా చోట్ల అంకెలు నేరుగా ఇవ్వరు. శంకుస్థాపన రాయి మీది సంవత్సరం, సమాధి మీది తేదీ, గంట మీది అక్షరాలు చదివి, లెక్క కట్టి, ఆ లెక్కతో డబ్బా దగ్గరికి పోవాలి. అంటే డబ్బా ఒక సాకు. అసలు పని ఆ రాళ్లు చదివించడం.

ఇదంతా మనకు పరదేశపు వింత కూడా కాదు. మన తిరుపతి జిల్లా అంచున శ్రీహరికోట ఉంది. మన దేశపు సొంత దారి చూపే ఉపగ్రహాలలో మొదటిది 2013 జూలై 1న అక్కడినుంచే పైకి వెళ్లింది. ఆ వ్యవస్థ పేరు నావిక్. ఆ శ్రీహరికోటకు పోయే దారిలోనే సూళ్లూరుపేట. 1860వ దశకంలో జర్మనీ హెర్మన్స్‌బుర్గ్ మిషను నుంచి వచ్చిన ఆగస్ట్ మీలియస్ దొర పని మొదలుపెట్టినది ఆ చుట్టుపక్కలే. రాకెట్ పొగ కనబడే ఊళ్లలో పాత మిషను మందిరాలు ఉన్నాయంటే, ఆ రెంటినీ కలిపి ఒక ఆట ఆడుకోవాలని పిల్లలకు తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఇక పెద్దాయన భయానికి వద్దాం. మన రాయలసీమలో నిధి అంటే గడ్డపార. అర్ధరాత్రి, నిమ్మకాయలు, పసుపు కుంకుమ, ఎవరో పంపిన పాత రాగిరేకు, దాని మీద గుర్తులు. పాడుబడిన గుళ్లు, కోటలు, దర్గాలు, ఊరి బయట బండలు, దేన్నీ వదల్లేదు. పొద్దున్నే పశువులు తోలుకుపోయేవాళ్లు చూసేసరికి విగ్రహం పక్కకు దొర్లి, మనిషి లోతు గుంత ఉంటుంది. ఇదేదో చదువులేనివాళ్ల పిచ్చి అనుకోవడానికి లేదు. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో ప్రభుత్వ అనుమతితోనే నిధి కోసం తవ్వారు. పేపర్లలో రోజూ వచ్చింది. బయటపడినవి ఇటుకలూ ఎముకలూ.

మన క్రైస్తవుల స్థలాలకు ఇంకొక కథ అంటింది. దొరలు బంగారం పాతిపెట్టి పోయారని. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు జర్మను మిషనరీలను బ్రిటిషు ప్రభుత్వం ఈ దేశంలో ఉండనివ్వలేదు. వాళ్ల పనిని తర్వాత అమెరికాలోని ఒహాయో సినడ్ లూథరన్లు చేతికి తీసుకున్నారు. అంత తొందరలో పోయారు గనుక ఏదో దాచిపోయి ఉంటారని ఊహ. మన వైపు ఆర్కాటు మిషను అమెరికన్లు ఎవరూ పారిపోకపోయినా ఆ కథ మనకూ అంటుకుంది. దొరలకు రాజులు కానుకలిచ్చారంటారు, సమాధి కింద పెట్టె ఉందంటారు, గంట స్తంభం కింద బిందె ఉందంటారు. పెళ్లిళ్లలో కూడా ఈ మాటలు మేము విన్నాం. ప్రియులారా, ఆర్కాటు మిషను నడిచింది అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి విశ్వాసులు ఆదివారం పళ్లెంలో వేసిన కానుకలతో. పైసా పైసాకు లెక్క రాసి సముద్రం అవతలికి పంపవలసి వచ్చేది. 1876 నుంచి 1878 దాకా సీమను ఊడ్చిన ధాత కరువులో గంజి పోయడానికే చేతుల్లో డబ్బు చాలనివాళ్లు బిందెలతో బంగారం పాతిపెడతారా? ఆలోచించండి.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువగల ఏ వస్తువు దొరికినా కలెక్టరుకు రాతమూలంగా తెలియజేయాలి. దాచుకుంటే జైలు. పది రూపాయలు అనే మాట చదివి నవ్వొస్తుంది గానీ చట్టం చట్టమే. చట్టం కంటే ముందు మనకు ఆకాను ఉన్నాడు. యెరికోలో దొరికిన బంగారాన్ని డేరాలో మట్టి కింద దాచిపెట్టి, తన ఇంటివారందరి మీదికీ నాశనం తెచ్చుకున్నవాడు. సండే స్కూలులో ఆ పాఠం చెప్పని ఏడాది లేదు. అయినా దొరల బంగారం మాట వచ్చేసరికి మన వాళ్ల కళ్లే మొదట మెరుస్తాయి. ఇది మెచ్చుకోదగ్గ సంగతి కాదు.

అందుచేత మొదటి షరతు పేరు మార్చడం. నిధి వేట అని కరపత్రం వేయొద్దు, వాట్సాప్ స్టేటస్ పెట్టొద్దు. గుర్తుల వెదుకులాట అనండి, రాళ్ల పాఠం అనండి, పిల్లలకు నచ్చిన పేరు పెట్టుకోండి. రెండోది, డబ్బా ఉన్న చోటు అంకెలను లోకమంతా చూసే యాప్‌లో పెట్టొద్దు. ఇందులో మేము యౌవనస్థులతో ఏకీభవించడం లేదు. అందరికీ తెరిచి ఉంటేనే ఆట ఆట అవుతుందని వాళ్ల వాదన. ఇంగ్లండు పల్లెలో అది నిజమే కావచ్చు. ఇక్కడ అలా పెడితే, ఆ అంకెలను పట్టుకుని మొదట వచ్చేవాడు ఆటగాడు అయి ఉండడు. హిజ్కియా రాజు బబులోను నుంచి వచ్చిన రాయబారులకు తన ఖజానా అంతా తిప్పి చూపించాడు. సంతోషంగానే చూపించాడు, చెడు తలంపేమీ లేదు. యెషయా వచ్చి అడిగినప్పుడు గానీ ఏం చూపించాడో అతనికి అర్థం కాలేదు. మన సంఘపు గుంపులో మాత్రమే, ఆ రోజుకు మాత్రమే అంకెలు ఇద్దాం. సాయంత్రం డబ్బా తీసేద్దాం.

సీమలో గడ్డపార లేని వేట కూడా ఒకటుందని మరిచిపోకూడదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లోకి జనం సద్దులు కట్టుకుని వెళతారు, వాన కడిగిన ఎర్ర మట్టి మీద వజ్రం కోసం. వంగి, మెల్లగా, అడుగడుగూ చూసుకుంటూ నడవడమే వాళ్ల పని. ఒకరి చేను ఒకరు తవ్వరు. పిల్లలు మన మందిరం ఆవరణలో అలా నడవాలని మా కోరిక. వాన కడిగినదాన్ని చూసే కళ్లు ఉంటే చాలు.

అలా నడిస్తే ఏం దొరుకుతుంది? మాకు చెప్పాలని ఉన్న అసలు సంగతి ఇక్కడ మొదలవుతుంది.

మన మందిరం గోడకు తూర్పు వైపు, మోకాలి ఎత్తులో ఒక రాయి ఉంది. దాని మీద 18 అనే రెండు అంకెలు కనబడతాయి. మిగతా రెండు అంకెలు సున్నం కింద మునిగిపోయాయి. ప్రతి క్రిస్మస్‌కూ భక్తితో వేసిన సున్నం, ఏడాదికొక పొర. ఎంతమంది ఆ రాయి దాటి లోపలికి వెళ్లి ప్రార్థన చేసి వచ్చారో గానీ, మిగిలిన రెండు అంకెలు ఏమిటని అడిగినవారిని ఈ ఊరికి వచ్చిన తర్వాత మేము చూడలేదు. ఆ సంవత్సరం కోసం కాగితాల్లో వెదకాలంటే ఒక చిక్కు ఉంది. చిత్తూరు జిల్లా అనేది 1911లో గానీ ఏర్పడలేదు. అంతకుముందు చిత్తూరు, పలమనేరు వైపు ఊళ్లు ఉత్తర ఆర్కాటు జిల్లావి. మదనపల్లె తాలూకా కడప జిల్లాది. మన ఊరి పేరు పాత కాగితాల్లో ఇప్పుడు మనం అనుకునే జిల్లా కింద ఉండదు. ఇదొక మంచి గుర్తు ప్రశ్న అవుతుంది: మన తాత ముత్తాతలు ఇల్లు కదలకుండానే ఎన్ని జిల్లాల్లో బ్రతికారు? 2022లో జిల్లాలు మళ్లీ విడదీశారు గనుక జవాబు ఇంకా పెరిగింది.

చరిత్ర అనగానే మనం దొరల పేర్లు చెబుతాం. చెప్పవలసిందే. ఆర్కాటు మిషను 1853లో స్కడ్డరు కుటుంబపు అన్నదమ్ములతో మొదలైంది. జేకబ్ ఛాంబర్లేన్ దొర 1860లో ఈ దేశానికి వచ్చి, 1863లో మదనపల్లె చేరి, 1908లో ఆ మదనపల్లెలోనే కన్నుమూశారు. వైద్యుడు, బోధకుడు, గుర్రం మీద అడవులు దాటి నెలల తరబడి తిరిగినవాడు. మన తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఏళ్ల తరబడి పెద్దగా కూర్చున్నాడు. ఆ మదనపల్లె పక్కనే క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం లేచింది. ఊరి పేరే ఆసుపత్రి వల్ల వచ్చింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి, రాళ్ల మీద ఉన్నాయి, పిల్లలు ఫోనులో రెండు నిమిషాల్లో తెలుసుకోగలరు.

తెలుసుకోలేనివి వేరే. ఈ గోడకు రాళ్లు ఎవరు మోశారు? డంగు సున్నం నూరే గానుగకు ఎవరి ఎద్దులు కట్టారు? ఎద్దులు లేని రోజు ఎవరు భుజం పెట్టారు? వారంలో ఆరు రోజులు ఊరి పెద్దల చేలల్లో కూలికి పోయి, పొద్దుగూకాక బుడ్డి దీపం ముందు అక్షరాలు నేర్చుకుని, తెల్లారి మళ్లీ పనికి పోయినవాళ్లెవరు? దొర ఏడాదికి ఒకటి రెండు సార్లు గుడారం వేసుకుని వచ్చేవాడు. మిగతా రోజులన్నీ సంఘాన్ని నిలబెట్టినవాడు ఉపదేశకుడు, ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు వాక్యం చెప్పినది బైబిలు స్త్రీ. నెలకు కొద్ది రూపాయల జీతం, ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేదు, చెప్పులు వేసుకుని నడవడానికి వీలులేని వీధులు. బాప్తిస్మము తీసుకున్నందుకు పని పోగొట్టుకున్నవాళ్లు, గుడిసె పోగొట్టుకున్నవాళ్లు. వాళ్ల చేతుల మీద లేచిన మందిరంలో వాళ్ల పేరు ఒక్క రాయి మీద కూడా లేదు. బాప్తిస్మపు రిజిస్టరులో ఉంది. పాత పేరు ఒక గడిలో, కొత్త పేరు పక్క గడిలో, అంతే. ఎల్లమ్మలు రూతులయ్యారు, మునెప్పలు యాకోబులయ్యారు. కొన్ని పుటలు చెదలు తిన్నాయి, ఇంక్ గోధుమ రంగుకు తిరిగింది.

మన వేట ఆ పేర్ల దగ్గరికి పోకపోతే మాకు దానిపై ఆసక్తి లేదు. దొర సమాధి దగ్గర సెల్ఫీ దిగి రావడానికి అక్షాంశ రేఖాంశాలు ఎందుకు, అది దారిలోనే ఉంది.

యెహోషువ నాల్గవ అధ్యాయం చూడండి. యొర్దాను నడుమ నుంచి పన్నెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలబెట్టారు. మేము ఆ భాగం మీద ఎన్నోసార్లు బోధించాం గానీ, ఈ ఆట మాట వచ్చాక మళ్లీ చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. ఆ పన్నెండు రాళ్ల మీద ఏమైనా చెక్కినట్టు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఒట్టి రాళ్లు. పిల్లలు వాటిని చూసి ఇవేమిటని అడగాలి, తండ్రులు చెప్పాలి. అడిగేవాడూ చెప్పేవాడూ ఉన్నంత కాలమే ఆ రాళ్లకు నోరు. అందుకని మన వేటలో కొన్ని గుర్తులు ఫోనులో దొరకకూడదు, రాయి మీద కూడా దొరకకూడదు. ఊరిలో ఒక జేజి దగ్గరకు పోయి అడిగితేనే దొరకాలి. గంటకు ముందు మన మందిరంలో ఏం కొట్టేవారు? వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అది ఎవరు ఎక్కడినుంచి మోసుకొచ్చారు? ఎనభై దాటినవాళ్లు ఇద్దరో ముగ్గురో చెప్పగలరు. వాళ్ల తర్వాత ఆ జవాబు ఉండదు. మంచం పట్టిన ఒక అవ్వ గుమ్మం దగ్గర పన్నెండేళ్ల పిల్లలు వరుసగా నిలబడి, "జేజీ, చెప్పు" అనడం మేము చూడాలి.

సమాధుల తోట విషయంలో పెద్దలకు ఇంకొక సంకోచం ఉంది. బయటికి అనడం లేదు గనుక మేమే అంటాం. అక్కడ డబ్బా పెట్టకూడదు, పరుగులు ఉండకూడదు, ఎవరి సమాధి మీదా కాలు పెట్టకూడదు. ఈ మూడింటికీ అందరం ఒప్పుకుంటాం. కానీ పిల్లలు వరుసలు లెక్కపెట్టి నడిచేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతారు. ఈ వైపు సమాధులకూ ఆ వైపు సమాధులకూ నడుమ ఇంత ఖాళీ ఎందుకుంది? రెండు వైపులా సిలువలే, రెండు వైపులా అవే వాక్యాలే. ఆ ఖాళీ ఎందుకుందో మన తరానికి తెలుసు. ఏ పల్లె నుంచి, ఏ గేరి నుంచి వచ్చారన్నదాన్ని బట్టి బ్రతికినప్పుడు కూర్చునే చోటు, చనిపోయాక పడుకునే చోటు వేరు చేసుకున్న సంఘాలు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో చెప్పనక్కరలేదు. ఆ ప్రశ్న రాకూడదని వేటనే ఆపేద్దామంటే మేము ఒప్పుకోం. అడగనివ్వండి. జవాబు చెప్పవలసిన బాధ్యత మాదీ మీదీ.

ఇక అందరికీ ముళ్లు గుచ్చుకునే మాట. కొత్త మందిరం.

పాత మందిరం పడగొట్టి, పిల్లర్లు వేసి, పైన బాల్కనీతో, ముందు ఎత్తైన ఆర్చితో కొత్తది కట్టాలని సంఘంలో చాలామందికి ఉంది. ఊరు దాటి సంపాదిస్తున్న మన బిడ్డలు చందాలు రాస్తామని ముందుకొచ్చారు. వాళ్ల మనసు మేము తప్పుపట్టడం లేదు. వానాకాలంలో బలిపీఠం పక్కన బకెట్ పెట్టవలసి వస్తోంది. పడమటి గోడలో చీలిక ఏటేటా పెరుగుతోంది. ఆదివారం సగంమంది బయట షామియానా కింద కూర్చుంటున్నారు. పాతది గనుక పవిత్రం, కొత్తది గనుక ఆడంబరం అని మేము ఎప్పుడూ బోధించలేదు. దేవుడు గోడలలో నివసించేవాడు కాడు.

అయితే యోషీయా రాజు కాలంలో జరిగింది గుర్తు చేసుకోండి. మందిరం బాగుచేయించడానికి డబ్బు లెక్కపెట్టి పనివారికి ఇస్తున్న సమయంలోనే ప్రధాన యాజకుడైన హిల్కీయాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. దేశమంతా మరిచిపోయిన గ్రంథం మందిరంలోనే ఉంది. పనివారి చేతిలో పార ఉన్నప్పుడు, చూసే కళ్లున్న ఒక మనిషి దగ్గర ఉండడం వల్ల అది చెత్తలోకి పోలేదు. మన దగ్గర ఆ మనిషి ఎవరు? మేస్త్రీకి ఆ రాయి మీది 18 అవసరం లేదు. అతనికి అది పునాదిలోకి వేసుకునే రాయి. జేసీబీ ఒక్క పూటలో పని ముగిస్తుంది. ఈ జిల్లాల్లో అలా ఒక్క పూటలో మాయమైన పాత మందిరాలు మేము చూశాం. వాటి చోట లేచిన కొత్త గోడల మీద ఇప్పుడు నల్ల గ్రానైటు పలక ఉంటుంది, దాని మీద చందాదారుల పేర్లు బంగారు రంగులో ఉంటాయి. మొదటివాళ్ల పేర్లు మళ్లీ లేవు.

అందుకే మా అభిప్రాయం సూటిగా: ఈ వెదుకులాట పూర్తయ్యేదాకా కొత్త మందిరం మాట తీర్మానానికి పెట్టవద్దు. పిల్లలు ప్రతి రాయినీ ఫోటో తీయాలి, ప్రతి సమాధి రాతనూ నోట్‌బుక్‌లోకి దించాలి, రిజిస్టరు పుటలన్నీ ఫోనుతో ఫోటోలు తీసి మూడు చోట్ల దాచాలి. బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో పాత మిషను కాగితాల భాండాగారం ఉంది. అక్కడ పనిచేసే మన బిడ్డలు ఒక శనివారం వెళ్లి అనుమతి అడిగి, మన ఊరి పేరు కోసం వెదకవచ్చు. చందా కంటే ఆ శనివారం మాకు ఎక్కువ. ఆ తర్వాత కూటం పెట్టుకుందాం. గోడ నిలబెట్టి పక్కన పెంచుదామా, పడగొట్టి కడదామా అని అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటికి మనం పడగొడుతున్నది ఏమిటో మనకు తెలిసి ఉంటుంది.

దేవుని ఆవరణంలో ఆటలేమిటని అడిగినవారికి పెద్ద జవాబు అక్కరలేదు. పది నాణెములలో ఒకటి పోగొట్టుకున్న స్త్రీ దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చి వెదికింది, దొరికాక ఇరుగుపొరుగు స్త్రీలను పిలిచి సంబరం చేసింది. ప్రభువే ఆ కథ చెప్పాడు. ఆమె ఇల్లు తవ్వలేదు, ఊడ్చింది.

డబ్బా విషయానికి వస్తే, యౌవనస్థులు ప్లాస్టిక్ టిఫిను డబ్బా అనుకుంటున్నారు. మేము మూతగల మట్టి కుండ అంటున్నాం. యిర్మీయా అనాతోతులోని పొలాన్ని పదిహేడు తులాల వెండికి కొని, ఆ క్రయపత్రాలను చాలా దినాలు నిలిచేటట్టు మట్టికుండలో పెట్టించాడు. పట్టణం చుట్టూ శత్రువు ముట్టడి వేసి ఉండగా, తాను చెరసాలలో ఉండగా చేసిన పని అది. ఆ పొలంలో తాను కాపురం చేయలేడని అతనికి తెలుసు. మన కుండలో చాక్లెట్లు వద్దు, చీమలు పట్టేస్తాయి, లేకపోతే కోతులు. డబ్బులు అసలే వద్దు. ఒక కొత్త పుస్తకం పెడదాం. దొరికించుకున్న ప్రతి జట్టు అందులో తమ పేర్లకు ముందు, రిజిస్టరు నుంచి గానీ అవ్వల నోటి నుంచి గానీ తెలుసుకున్న ఒక పూర్వికుని పేరు రాయాలి. ఆ తర్వాతే తమ సంతకం.

జట్టుకు ఒక్క ఫోను చాలు. అందరి ఇళ్లలోనూ మంచి ఫోను లేదు, ఆ కారణంగా ఏ బిడ్డా వెనక నిలబడకూడదు. ప్రతి జట్టులో ఆడపిల్లలు, మగపిల్లలు, కాస్త మోకాళ్లు బాగున్న ఒక పెద్దమనిషి ఉండాలి. ఎండాకాలం వద్దు, బండల సందుల్లో పాములుంటాయి. క్రిస్మస్‌కూ సంక్రాంతికీ నడుమ ఒక శనివారం ఉదయం అయితే ఊరికి వచ్చినవాళ్లంతా దొరుకుతారు. స్త్రీల మైత్రివారు మధ్యాహ్నానికి సంగటి, చెనిగిత్తనాల ఊరిబిండి చేస్తామన్నారు.

ఈలోగా ఇంట్లో పెట్టెల అడుగున పాత ఫోటోలు, బాప్తిస్మపు చీటీలు, ముత్తాత సంతకం ఉన్న బైబిళ్లు ఉంటే మందిరానికి ఇవ్వనక్కరలేదు, తెచ్చి చూపించి ఫోటో తీయనిచ్చి తిరిగి తీసుకుపోండి. క్రిస్మస్ సున్నం వేసే కుర్రవాళ్లకు ఒక మాట: తూర్పు గోడ మీది ఆ రాయిని ఈ ఏడాది వదిలేయండి. ఉలితో గీకవద్దు, యాసిడ్ పోయవద్దు. తడిగుడ్డతో నానబెట్టి, వెదురు పుల్లతో పొర పొరగా తీయడం తెలిసిన ఒక పాత మేస్త్రీని పిలుస్తున్నాం. మిగిలిన రెండు అంకెలు బయటపడిన రోజు ఇక్కడే ఫోటో పెడతాం.